చంద్రుడి మీద కబడ్డీ

2023 ఎండాకాలం. ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసు ఒక డబ్బింగ్ థియేటర్ పైన, రెండో అంతస్తులో ఉండేది. కింద ఎవరో ఆర్టిస్టు ఒకే ఏడుపును పదేపదే ఏడుస్తుంటే, పైన మేం పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చునేవాళ్లం. సంస్థ యజమాని ప్రసాదరావుగారు ఒకప్పుడు సినిమాలు తీసిన మనిషి. భీమవరం నుంచి వచ్చి, కొన్ని ఆడి కొన్ని పోయాక, పిల్లల పుస్తకాల మీదికి మనసు మళ్లించుకున్నారు. అయినా పాత అలవాటు పోలేదు. పుస్తకం బాగుంటే ఆ కథను జూబ్లీహిల్స్‌లో ఎవరో ఒక నిర్మాతకు వినిపించి సిరీస్‌గానో సినిమాగానో చేయించాలన్నది ఆయన ఆశ.

నేను అక్కడ స్టోరీ ఎడిటర్‌ని. ఎడిటర్ అంటే అచ్చుతప్పులు దిద్దే మనిషి అనుకుంటారు చాలామంది. అది చివరి పని. మొదటి పనిని మేం డెవలప్‌మెంట్ ఎడిట్ అంటాం. అంటే వాక్యాల జోలికి పోకుండా, కథ తన కాళ్ల మీద తాను నిలబడుతోందా లేదా అని చూడటం. సైన్స్ ఫిక్షన్ అయితే ఇంకో బాధ్యత కలుస్తుంది. రచయిత కల్పించిన లోకానికి కొన్ని నియమాలుంటాయి. వాటిని వరల్డ్ రూల్స్ అంటాం. ఆ నియమాలు మధ్యలో తప్పినా కథ రంజుగా ఉంటే పెద్దవాళ్లు పోనిస్తారు. పిల్లలు పోనివ్వరు.

ఆ ఎండల్లోనే ఒకరోజు స్వరూప మా ఆఫీసుకు వచ్చింది. టోలిచౌకి దగ్గర ఒక బాలికల పాఠశాలలో పీఈటీ, అంటే ఆటలు నేర్పే టీచరు. యూనివర్సిటీ రోజుల్లో కబడ్డీ బాగా ఆడిందట. కూతకు వెళ్లే మనిషి, వాళ్ల భాషలో రైడర్. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. మెట్లెక్కి వచ్చేసరికి ఆ కాలు కొద్దిగా ఈడుస్తోంది. మంచినీళ్లు తాగి, సంచిలోంచి ప్రింటు తీసిన కాగితాలు నా ముందు పెట్టింది. పిల్లల నవల. పేరు ‘ఆరో వంతు’. చంద్రుడి మీద మన బరువు ఇక్కడి బరువులో ఆరో వంతే కాబట్టి ఆ పేరు.

“ఎవరి కోసం రాశారు?” అని అడిగాను.

“మా పిల్లల కోసమే మేడం. వానొస్తే గ్రౌండ్‌ల ఆడనీకి రాదు కద. క్లాసుల కూసోబెట్టి రోజింత చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట గిట్లయింది.”

ఆ రాత్రికే చదివేశాను. చంద్రుడి మీద మనుషులు కట్టుకున్న ఒక ఊరు. గాజు గుమ్మటం కింద గాలి నింపుకుని బతుకుతుంటారు. ఆకాశంలో భూమి కదలకుండా ఒకేచోట వేలాడుతుంటుంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు కబడ్డీ ఆడతారు. వాళ్లలో వెన్నెల అనే పిల్ల గొప్ప రైడర్. భూమి నుంచి ఒక జట్టు పోటీకి వస్తుంది. వెన్నెల వాళ్లమ్మకు ఈ పోటీ ఇష్టం లేదు. బలమైన కండలున్న భూమి పిల్లలు తన కూతురి సన్నటి ఎముకలు విరిచేస్తారని ఆమె భయం. ఆ తల్లీకూతుళ్ల మాటలున్న పేజీలు వెనక్కి తిప్పి రెండోసారి చదివాను. కథ అంతా అలా పరుగెత్తి, చివరి మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి చతికిలపడింది.

ఎందుకో నాకు వెంటనే తెలియలేదు. అలాంటప్పుడు మేం బీటా రీడింగ్ పెడతాం. పుస్తకం అచ్చుకు ముందే కొంతమంది పాఠకులకు చదివి వినిపించి, వాళ్లెక్కడ ఆవులిస్తున్నారో చూడటం. మధురానగర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని ఆదివారం పొద్దున మా హాల్లో కూర్చోబెట్టాను. చివరి మ్యాచ్ సగంలో ఉండగా ఆరో తరగతి చదివే పిల్ల ఒకతి చెయ్యెత్తింది.

“ఆంటీ, ఇది మా స్కూల్ గ్రౌండ్‌లో ఆడినట్టే ఉంది. చంద్రుడు ఎటు పోయాడు?”

అదీ సంగతి. వెన్నెల ఎడమకు వంగి కుడికి తిరుగుతుంది, అడుగు గట్టిగా తొక్కి వెనక్కి దూకుతుంది, ఇద్దరు పట్టుకుంటే ఈడ్చుకుంటూ గీత దాకా వస్తుంది. అన్నీ స్వరూప తన కాళ్లతో ఎరిగిన కదలికలు, కానీ నేల మాత్రం మనదే. కథంతా ఆరో వంతు బరువుతో నడిచిన మనుషులు మ్యాచ్ మొదలవగానే పూర్తి బరువుకు వచ్చేశారు.

మర్నాడు ముగ్గురం కూర్చున్నాం. ప్రసాదరావుగారు ఈలోపు జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతకు కథ చూచాయగా చెప్పి వచ్చినట్టున్నారు.

“చూడమ్మా స్వరూపా, కథ బాగుంది. కబడ్డీ ఒక్కటే ఇబ్బంది. దాని బదులు రేసు పెడదాం. పిల్లలు గాల్లో ఎగిరే బళ్లేసుకుని చంద్రుడి చుట్టూ పందెం. చూడటానికీ బాగుంటుంది. వాళ్లు అదే అడుగుతున్నారు.”

స్వరూప బల్ల మీది కాగితాలు తన దగ్గరికి లాక్కుంది. “సార్, బండి రేసులల్ల బండి గెలుస్తది. పిల్ల ఎక్కడ గెలుస్తది?” అంది నెమ్మదిగా. “మా పిల్లలు రోజూ అడుగుతుండ్రు, టీచర్, మన ఆట బుక్కుల అచ్చయితదా అని. కబడ్డీ తీసేస్తే ఇగ ఆ బుక్కు నాది గాదు. మీరు వద్దంటే వాపస్ తీస్కపోత.”

ప్రసాదరావుగారు మొండిమనిషి కారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, “నేను వద్దనట్లేదు. కబడ్డీయే ఉండనివ్వు. కానీ అది చంద్రుడి మీద ఆడుతున్నట్టు నాకు కనబడాలి. కనబడితే అచ్చేస్తాను. ఏడాది చివర వచ్చే పుస్తకాల్లో దీనికి చోటు పెట్టాను. వానలు పట్టేసరికి తేలకపోతే ఇంకో పుస్తకం వెళ్లిపోతుంది” అన్నారు.

స్వరూప చాలా ప్రయత్నించింది. మ్యాచ్ తిరిగి రాసి తెచ్చింది. ఈసారి అందరూ ఎగిరారు, అంతే. ఎగిరి ఏం చేస్తారో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. “అక్కా, నేను కాళ్లతోని ఆడినదాన్ని,” అంది ఒకరోజు. అప్పటికి మేడం అనడం మానేసింది. “ఆడకుండ రాసుడు నాకు చాతనయితలేదు.”

మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే పక్క ఖాళీ స్థలంలో ఫైట్ మాస్టర్ల మనుషులు సాధన చేస్తుంటారు. ఆ రోజూ ఎవరో కుర్రాణ్ని తాళ్లకు కట్టి గోడ మీదినుంచి ఇవతలికి దూకిస్తున్నారు. ఆ కుర్రాడు బరువు లేనివాడిలా వచ్చి దిగాడు. నేను స్వరూప భుజం తట్టి కిటికీ చూపించాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, తాళ్ల మీద కబడ్డీ ఆడించి చూద్దామని అడగడానికి ప్రసాదరావుగారి గదిలోకి వెళ్లాం.

ఆయనకు యాదగిరి మాస్టర్‌తో పాత పరిచయం. యాదగిరి రోప్ మాస్టర్. ఫైట్లలో నటుల్ని తాళ్ల మీద ఎగరేసే పని ఆయనది. పాత సెట్టు తీసేసి కొత్తది వేసేలోపు ఒక షూటింగ్ ఫ్లోర్ ఖాళీగా ఉందని, పొద్దుటిపూట వాడుకోవచ్చని చెప్పాడు. ఫ్లోర్ అంటే గోదాములాంటి పెద్ద హాలు. పైన పొడుగునా ఇనుప పట్టాలుంటాయి. స్వరూప బడిలో అనుమతి తీసుకుని, కబడ్డీ జట్టు పిల్లల్ని, వాళ్ల తల్లుల్లో ఇద్దర్ని వెంటపెట్టుకుని వచ్చింది. కింద మందపాటి పరుపులు పరిచారు. పిల్లలందరికీ హెల్మెట్లు.

మాస్టర్ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పాడు. “తాడు గా పట్టా మీంచెల్లి పోతది. ఒక దిక్కు నువ్వు, ఒక దిక్కు ఇసుక సంచులు. నీ బరువు ఆరు వంతులైతే ఐదు వంతులు సంచులే మోస్తయి. మిగిలిన ఒక్క వంతే నీ కాళ్ల మీద పడ్తది. దీన్ని కౌంటర్ వెయిట్ అంటరు. సమజైందా?”

ముందు నవ్య ఎక్కింది. జట్టులో అందరికన్నా చురుకైన రైడర్. స్వరూప కాగితం చూసి వెన్నెల చివరి కూతను చదువుతుంటే, నవ్య అచ్చం అలాగే చేయబోయింది. ఎడమకు వంగింది. కుడికి తిరగడానికి అడుగు తొక్కేసరికి కాలు నేలను పట్టలేదు. మెల్లగా, చాలా మెల్లగా, వెల్లకిలా పడింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. లేచి పరుగెత్తబోతే గీత దాటి, అవతలి గీత కూడా దాటి, పరుపుల చివరికి పోయింది.

“ఆగుడు అయితలేదు టీచర్,” అంది అక్కణ్నుంచి. “ఎగురుడు అల్కగుంది. ఆగుడే కష్టం.”

స్వరూప చేతిలోని కాగితాలు మడిచి పక్కన పెట్టేసింది. తర్వాత ఇంకో పిల్లను కట్టి, నవ్యను పట్టుకోమన్నారు. ఆ పిల్ల నవ్య నడుం పట్టుకుంది. పట్టు దొరికింది గానీ ఇద్దరూ కలిసి సాగిపోయి ఒక మూలకు చేరారు. ఎవరూ ఎవర్నీ ఆపలేకపోయారు. ఒక్కొక్కర్నీ మార్చి చూశారు. అదే వరస. పిల్లలకు సరదాగానే ఉంది. స్వరూప ముఖంలో మాత్రం నిరాశ కనబడుతోంది. ఆట ఇలా జారిపోతుంటే ఇక చంద్రుడి మీద కబడ్డీ అనేదే లేదు. ప్రసాదరావుగారు ఒక కుర్చీలో కూర్చుని చూస్తున్నారు.

అప్పటిదాకా శ్రావణి గోడవార కూర్చునే ఉంది. జట్టులో లావుపాటి పిల్ల. ఎప్పుడూ కార్నర్‌లో, అంటే కోర్టు మూలలో, నిలబడి కాపలా కాసే డిఫెండర్. అందరి వంతులూ అయిపోయాయి కాబట్టి స్వరూప ఆమెను పిలిచింది. మాస్టర్ సంచుల వైపు చూసి, “ఇంకో సంచి వెయ్యుండ్రి” అన్నాడు తన మనుషులతో. శ్రావణి తల దించుకుంది. ఆయన అది గమనించి, బెల్టు బిగిస్తూ, “ఫికర్ చెయ్యకు బిడ్డా. హీరోలకు ఇంతకన్న ఎక్కువనే కడ్తం” అన్నాడు.

సంచులు లేచాయి. శ్రావణి కాలి వేళ్లతో నేలను ఒకసారి నెట్టింది. మెల్లగా పైకి లేచి, మెల్లగా దిగింది. మళ్లీ నెట్టింది. ఊరికే నవ్వుతూ ఉండిపోయింది. వాళ్లమ్మ పక్కనే ఉన్న ఇంకో తల్లి చెయ్యి పట్టుకుని చూస్తోంది.

ఈసారి నవ్య కూత పెట్టి వచ్చింది. ఆగలేక నేరుగా శ్రావణికి తగిలింది. ఇంతకుముందు అయితే ఇద్దరూ కలిసి సాగిపోవాలి. నవ్య ఒక్కతే వెనక్కి తేలిపోయింది. శ్రావణి ఒక్క అడుగు కదిలి నిలబడింది.

నేను ఎనిమిదో తరగతిలో చదువుకున్న పాఠం అప్పుడు గుర్తొచ్చింది. చంద్రుడి మీద బరువు తగ్గుతుంది, ద్రవ్యరాశి తగ్గదు. అక్కడ పెద్ద మనిషిని ఎత్తడం తేలికే గానీ, వస్తున్న పెద్ద మనిషిని ఆపడం, నిలబడ్డ పెద్ద మనిషిని కదల్చడం ఇక్కడిలాగే కష్టం. ఈ ముక్క నేను ఎన్నో నవలల మార్జిన్లలో రాశాను. కంటితో చూడటం మాత్రం అదే మొదటిసారి.

స్వరూప గబగబా కోర్టులోకి నడిచింది. కుంటడం కూడా మరిచిపోయినట్టుంది. “శ్రావణీ, నడుమ నిలబడు. మీరిద్దరు చెరో చెయ్యి పట్టుకోండ్రి. చైన్. ఇడవొద్దు.” చైన్ అంటే డిఫెండర్లు చేతులు కలిపి గొలుసులా నిలబడటం. మాస్టర్ ఇంకో రెండు తాళ్లు కూడా సిద్ధం చేశాడు. నవ్య మళ్లీ కూత పెట్టి వచ్చి, చివరి పిల్లను తాకి ఎగిరింది. తాకిన పిల్ల ఆమె చీలమండ అందుకుంది. గొలుసంతా లాక్కుపోతుందనుకున్నాను. కానీ మధ్యలో శ్రావణి ఉంది. గొలుసు ఆమె చుట్టూ తలుపు తిరిగినట్టు తిరిగి, నవ్యను చుట్టేసి, మూసుకుంది. మాస్టర్ “చాలు చాలు, తాళ్లు చిక్కుపడ్తయి” అంటూ ఆపేశాడు. నవ్య కూత ఆగిపోయింది.

ప్రసాదరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. “ఇంకొకసారి చేయించమ్మా. ఈసారి ఇటువైపు నుంచి చూస్తాను” అన్నారు.

ఆ తర్వాత పిల్లలు ఆపమన్నా ఆపలేదు. రైడర్ ఆగాలంటే ఏం చేయాలో కూడా వాళ్లే కనిపెట్టారు. ఎగరకుండా నేలకు ఒదిగి పాకినట్టు రావాలి. పై నుంచి వచ్చేవాళ్లు దొరికిపోతారు. ఆ పొద్దున అక్కడ ఒక కొత్త ఆట పుట్టింది. అందులో ఏది తెలివి, ఏది తప్పు అన్నది పిల్లలు వాదించుకుంటుంటే స్వరూప ఫోన్‌లో చెబుతూ రికార్డు చేసుకుంది.

తాళ్లు విప్పేశాక అందరూ పరుపుల మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. శ్రావణి స్వరూప పక్కకు జరిగి అడిగింది.

“టీచర్, మీ కథల చంద్రుని మీద అందరు సన్నగనే ఉంటరు కద. నాలెక్క ఉన్న పిల్ల ఒక్కతి గూడ లేదెందుకు?”

ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగింది. స్వరూప మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. “ఉండాలె,” అంది. “ఉంటది.”

పిల్లల్ని వ్యాను ఎక్కించాక ఇద్దరం ఆఫీసు దాకా నడిచి వెళ్లాం. సగం దారిలో ఆమె ఆగిపోయింది. “రెండేండ్ల సంది ఆ పిల్లను మూలకు నిలబెట్టిన అక్కా. ఒక్కపారి గూడ కూతకు పంపలే. ఉరుకది అని నేనే అనుకున్న. ఆమె ఎన్నడు అడగలే, నేను ఎన్నడు చూడలే.”

“ఇప్పుడు చూశారు కదా” అన్నాను.

వానలు పట్టేసరికి కొత్త రాతప్రతి వచ్చింది. అందులో గంగ అనే పిల్ల చేరింది. తండ్రి ఉద్యోగం వల్ల భూమి నుంచి చంద్రుడి మీదికి కొత్తగా వచ్చిన పిల్ల. లావుగా ఉంటుంది. నడవబోతే ఎగురుతుంది, ఎగిరితే ఆగలేక అందర్నీ గుద్దేస్తుంది. బడిలో ఆమె వస్తుంటే పిల్లలు పక్కకు తప్పుకుంటారు. ఏ జట్టూ తీసుకోదు. వెన్నెల ఒకసారి ఆమెకు తగిలి వెనక్కి తేలిపోయి, కోపం రావాల్సిన చోట ఆలోచనలో పడుతుంది. అక్కణ్నుంచి ఇద్దరి స్నేహం. చివరి మ్యాచ్‌లో భూమి జట్టు రైడర్ అందరి తలల మీదుగా ఎగిరి గీత వైపు వెళ్తున్నప్పుడు, గంగ మధ్యలో నిలబడితే, సన్నటి చంద్రుడి పిల్లలు ఆమె చుట్టూ గొలుసై తిరిగి అందుకుంటారు. గొలుసు చివరి చెయ్యి వెన్నెలది. గ్యాలరీలో వెన్నెల వాళ్లమ్మ మొదటిసారి కళ్లు మూసుకోకుండా చూస్తుంది.

ప్రసాదరావుగారు చదివి ఒక్క ప్రశ్నే వేశారు. “అట్ట మీద హీరోయిన్ ఎవరమ్మా? వెన్నెలా, గంగా?”

“ఇద్దరు చెయ్యి పట్టుకొని ఉంటరు సార్. ఇడిస్తే ఆటనే లేదు కద,” అంది స్వరూప.

పుస్తకం ఆ ఏడు చివర్లో వచ్చింది. జూబ్లీహిల్స్ నిర్మాత కథ విని మెచ్చుకున్నాడు గానీ, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. పుస్తకం మాత్రం ఆయన కోసం ఆగలేదు. బడుల లైబ్రరీల్లోకి వెళ్లింది, రెండోసారి అచ్చయింది. మధురానగర్‌లో చంద్రుడు ఎటు పోయాడని అడిగిన పిల్ల చదివి, “ఇప్పుడు ఉన్నాడు” అని చెప్పి వెళ్లిపోయింది. మా వృత్తిలో అంతకన్నా మంచి సమీక్ష నాకు రాలేదు.

స్వరూప శ్రావణిని కూతకు పంపడం మొదలుపెట్టింది. మొదటి మ్యాచ్‌లో మొదటి కూతకే దొరికిపోయిందట. ఇక్కడ పూర్తి బరువు కదా. అయినా స్వరూప మళ్లీ పంపింది. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి, “అక్కా, ఇయ్యాల ఒకామెను తాకి ఒచ్చింది. ఆ పిల్ల మొఖం చూడాల్సుండె మీరు” అంది. తనే గెలిచినట్టుంది ఆ గొంతు.

పోయినేడు వెంగళరావు నగర్‌లోని ఒక బడిలో పుస్తకం చదివి వినిపించడానికి వెళ్లాం. చదవడం అయ్యాక పిల్లలు ప్రశ్నలు అడిగారు. ఆక్సిజన్ ఎక్కణ్నుంచి వస్తుంది, చంద్రుడి మీద చెమట పడుతుందా, అలాంటివి. చివర్లో ముందు వరసలోని ఒక సన్నటి పిల్ల లేచింది. చేతిలో ఇన్‌హేలర్ ఉంది.

“మేడం, నాకు ఆయాసం. కూత ఎక్కువసేపు పెట్టలేను. నేను ఏ గ్రహం మీద బాగా ఆడతాను?”

స్వరూప వేదిక దిగి, నొప్పి కాలు చాపుకుని ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. “నీకు ఏం చేస్తే మంచిగనిపిస్తది, ముందుగాల అది చెప్పు. గ్రహం తర్వాత ఎతుకుదాం” అంది. ఆ పిల్ల తనకు గురి బాగా కుదురుతుందని, రాళ్లతో మామిడికాయలు కొడతానని చెప్పింది. చుట్టూ ఉన్న పిల్లలు గ్రహాలు వెతకడం మొదలుపెట్టారు. గాలి ఎక్కువున్న గ్రహమైతే రాయి నెమ్మదిగా పోతుందని ఒకరు, గాలే లేని గ్రహమైతే ఎంత దూరమైనా తిన్నగా పోతుందని ఒకరు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ పిల్ల మధ్యలో నిలబడి ఒక్కో గ్రహాన్నీ ఒప్పుకుంటూ, కాదంటూ ఉంది.

ఇన్నేళ్ల పనిలో సైన్స్ ఫిక్షన్ రాతప్రతి చేతికొస్తే నేను ముందు చూసేది అందులో లెక్క సరిగ్గా ఉందా అని. ఇప్పుడూ చూస్తాను. పిల్లలు పోనివ్వరు కదా. కానీ ఆ పని మొదలుపెట్టే ముందే రచయితకు ఒక ప్రశ్న వేస్తున్నాను. మీరు కట్టిన ఈ కొత్త లోకంలో, ఇక్కడ మన గ్రౌండ్‌లో గోడవార కూర్చున్న పిల్లల్లో ఎవరికి ఆట దొరుకుతుంది? దానికి జవాబున్న కథకు మిగతా లోపాలెన్నున్నా కూర్చుని దిద్దుకోవచ్చు. ఆ ఎండాకాలం నుంచి నేను అలాంటి కథను ఒక్కదాన్నీ వెనక్కి పంపలేదు.